మా సారు కనిపెట్టిన దీవి

నిన్న సాయంత్రం కూరగాయలకని ఆలుమగలం ఇద్దరం బయలుదేరాం. దారిలో పుచ్చకాయల బండి కనబడగానే మా సారు ఎప్పటిలాగే రోడ్డు దాటి అటువైపు వెళ్లి నిలబడ్డారు. ఆ వయసులో బండ్ల నడుమ పడి ఆ ఉరుకుడు చూసి, "గదేందమ్మా, సారుకు పుచ్చకాయలంటే భయమా?" అని నవ్వాడు బండివాడు. భయం కాదు నాయనా, సిగ్గు! అయినా అదంతా వాడికి చెబుతూ కూర్చుంటే పొద్దుగూకుతుందని, బేరమాడి ఒక కాయ తెచ్చుకున్నాను.

ఎనభైల మొదట్లో మేము పెద్దపల్లిలో ఉండేవాళ్లం. మా సారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవారు. సముద్రం చూసిన పాపాన పోలేదు గాని దీవుల పిచ్చి మాత్రం తలకెక్కింది. జీతమేమో బాసర పోయిరావడానికే సరి. అందుకని ఎండాకాలం గోదావరి తగ్గాక నడుమ తేలే ఇసుక దిబ్బలకే దీవులని పేరుపెట్టి, ట్రాక్టరు ట్యూబు పట్టుకొని ఈదుకుంటూ ఒక్కొక్కటే చూసి వచ్చేవారు. "గా దిబ్బల మీదికి బర్లు గూడ పోతయి గదరా" అని మా అత్తమ్మ అంటే అన్నం ముందునుంచి లేచిపోయేవారు. ఒక ఏడు మంథని అవతల, అన్నిటికంటే దూరపు దిబ్బ ఒకటి మిగిలింది. దానికి బయలుదేరిన నాడు ఫ్లాస్కు నిండా చాయ పోసిచ్చాను. ఫ్లాస్కుకు సంచి కుట్టింది కూడా నేనే, నా ఆకుపచ్చ జాకెట్టు బట్టలో మిగిలిన ముక్కతో.

సాయంత్రానికే వస్తానన్న మనిషి మూడోనాటికి వచ్చారు, మొహం మాడిపోయి, ఫ్లాస్కు లేకుండా. "నరమానవుడు అడుగువెట్టని జాగ అది. పిట్టల గుడ్లు తిని బతికిన. ఫ్లాస్కు నీళ్లల్ల కొట్కపోయింది" అన్నారు. బడిలో సన్మానం చేశారు. హెడ్మాస్టరు గారు శాలువా కప్పి, ఆ దీవికి మా సారు పేరే పెట్టాలన్నారు. నేనేం తక్కువ తిన్నానా? బోరింగు కాడ బిందె పక్కన పెట్టి మరీ, పిట్టల గుడ్లను నెమలి గుడ్లు చేసి చెప్పాను.

తర్వాతి అంగడికి పోతే అక్కడ హెడ్మాస్టరు గారు కలిశారు. ముగ్గురం మాట్లాడుకుంటూ నడుస్తుంటే పుచ్చకాయల కుప్ప వెనకనుంచి ఒక ముసలామె లేచి నిలబడింది. "సారూ! పానం మంచిగైందా కొడుకా? గంజి తాగుమంటే చిన్న పోరని లెక్క మొండికేస్తివి!" అంది, నిండు నవ్వుతో.

మా సారు మొహం పాలిపోయింది. "ఎవ్వలవ్వా నువ్వు? నాకెర్కలే" అన్నారు.

ఆమె గంపలోంచి ఫ్లాస్కు తీసింది. "మరి గిది? గుడిసెలనే మరిచిపోతివి గద."

"నాది గాదు."

ఆమె ఒకసారి సారును చూసింది. పక్కనున్న హెడ్మాస్టరును చూసింది. ఆకుపచ్చ సంచిని చూసి, నా జాకెట్టును చూసింది. నేను గబుక్కున కొంగు భుజాల నిండా కప్పుకున్నాను. "పొరపాటాయె సారూ. ముసలిదాన్ని, కండ్లు మసకలు. గాయన వేరే" అని ఫ్లాస్కును మళ్లీ గంపలో పెట్టేసుకుంది. ఊరికే ఉందా తల్లి! ఒక కాయ ఏరి నా సంచిలో పెట్టి, "తీస్కపో బిడ్డా, తియ్యగుంటది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక నిలదీశాను. ఎండదెబ్బకు దిబ్బ మీద పడిపోతే, అక్కడే పుచ్చతోట వేసుకున్న ఆమె తన గుడిసెలో పండబెట్టి, గంజి పోసి బతికించిందట. "పుచ్చతోట ముసలామె సాదిందని చెప్తే ఇగ నేను కనిపెట్టిందేందే?" అని తల దించుకున్నారు. "మీ దీవి మన్నుగాను! పోయి అందరి ముంగట ఆమె కాళ్లు మొక్కుండ్రి" అన్నాను. మరుసటి అంగడికి పోయాం. వానలు పడ్డాయి, పుచ్చకాయల కాలం అయిపోయింది, ఆమె రాలేదు.

పై ఎండాకాలం నేనూ వెంట వెళ్లాను. దిబ్బే లేదు. వరద దాన్ని ఎత్తుకుపోయి, ఇంకోచోట ఇంకో దిబ్బ వేసింది. దాని మీద వేరేవాళ్ల పుచ్చతీగలు. అవ్వ సంగతి అడిగితే, "ఏ అవ్వ? పేరేంది?" అన్నారు వాళ్లు. దీవికి తన పేరు పెట్టించుకున్న మనిషి, గంజి పోసిన మనిషి పేరు అడగనే లేదు. మా సారు ఒడ్డున కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చారు.

నిన్న తెచ్చిన కాయ ఎర్రగా, తియ్యగానే ఉంది. ఇద్దరం చెరి సగం తిన్నాం. కాలం అన్నీ మరిపిస్తుందంటారు గాని, మమ్మల్ని మాత్రం ఏటా పుచ్చకాయలు రాగానే చెయ్యి పట్టుకుని ఆ అంగట్లోకే తెచ్చి నిలబెడుతుంది.