చుక్కల గీత

మూతపడ్డ పోత కార్ఖానాను ఆర్ట్ గ్యాలరీ చేస్తున్నారు. కరపత్రంలో ‘శ్రమకు నివాళి’ అని వేశారు. నివాళి అందుకోవలసిన శ్రమ ఇంకా బతికే ఉంది. పక్కగోడకు ఆనుకున్న రేకుల షెడ్డులో లేతు తిప్పుతోంది. ఆ లేతు మేనమామది. గ్యాలరీ ప్లాను గీసింది మేనకోడలు.

ఆమెకు గీత నేర్పింది ఆయనే. అరిగిన గేరు ఒకటి బల్లమీద పెట్టి, “ఉండీ కనపడనిది చుక్కల్లో గియ్యాలమ్మా” అనేవాడు. ఆ సంగతి, తాను ఈ పేట పిల్లేనన్న సంగతి ఆఫీసులో ఆమె ఎవరికీ చెప్పలేదు. గ్యాలరీ ముంగిట చెట్లకు జాగా కావాలని ఆర్కిటెక్ట్ అనగానే, కిక్కురుమనకుండా షెడ్డును చుక్కల గీతలోకి దించింది. కట్టడాల ప్లానులో చుక్కల గీతంటే కూల్చేసేది.

పేటవాళ్ల సమ్మతికి మీటింగు పెట్టారు. ప్లాను చూసి అందరూ బిక్కమొహాలు వేస్తే, మామయ్య కళ్లజోడు సర్దుకుని ముందుకొచ్చాడు.

“కంగారెందుకర్రా! షెడ్డు చుక్కల్లో ఉందంటే గోడ చాటున భద్రంగా ఉందని. పెట్టండి సంతకాలు. గీసింది మా పిల్లే!”

“నీకు తెలిసినాయనా?” అన్నాడు ఆర్కిటెక్ట్ ఆమెతో.

“ఇక్కడే... ఎక్కడో చూశాను” అందామె.

“అంటే మా ఊరి పిల్లేగా అని అన్నాలెండి, మేడమ్‌గారు” అని నవ్వేశాడు మామయ్య.

సంతకాలన్నీ పడ్డాక ఆమె షెడ్డుకు పరిగెత్తింది.

“మామయ్యా, మా చుక్కలు వేరు. కూల్చేస్తారు.”

ఆయన చేతుల జిడ్డు తుడుచుకున్నాడు. “గీసేటప్పుడు తెలుసా?”

“తెలుసు.”

“అక్కడ నేను ప్లాను చదువుతున్నప్పుడు?”

ఆమె తల దించుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన వీధిలోకి నడిచాడు.

“సంతకాల కాగితాలు వెనక్కి తీసుకుందాం పదండి. డ్రాయింగు నేను తప్పు చదివాను.”

“ఇన్నేళ్లూ ఇలాగే చదివావా? అందుకేనా నాకు చేసిన బుష్షు ఇరుసుకు పట్టి చావలేదు!” అన్నాడు వెల్డరు. వీధంతా నవ్వింది.

ఆమె అందరికన్నా వెనకాల నడిచింది. ఆర్కిటెక్ట్ విసుగ్గా కాగితాలు తిరిగిచ్చాడు.

“చదవడం రాకపోతే మా అమ్మాయిని అడగాల్సింది కదయ్యా.”

“అవునండీ. అడగాల్సింది” అన్నాడు మామయ్య, ఆమె వైపు చూడకుండా.