నుదుటి అద్దం

బీరువాలోంచి పాత నుదుటి అద్దం తీసి తుడుస్తుంటే, కిటికీలోంచి వచ్చిన ఎండ దాని మీద పడి అరచేతిలో చురుక్కుమంది. చేయి లాక్కుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా శాంతమ్మ డాక్టరు గారి చేత చీవాట్లు తిన్నట్టే ఉంది. సాసర్‌లా లోపలికి గుంటపడి, నడిమధ్యన చిన్న కన్నం ఉన్న ఈ గుండ్రటి అద్దాన్ని పట్టీతో తలకు కట్టుకుని, ఆ కన్నంలోంచే చూస్తూ, ఆవిడ కొత్తవలస చుట్టుపక్కల జనం చెవులూ ముక్కులూ గొంతులూ బాగుచేశారు. క్లినిక్ మూసేసిన రోజున దీన్ని నాకిచ్చారు.

చదువు పూర్తయ్యాక ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరాను. మొదటిరోజే బయటికి తీసుకెళ్ళి తన స్కూటర్ అద్దం ముందు నిలబెట్టారు. “ఇది ఉబ్బెత్తు అద్దం. వీదంతా సూపిస్తాది గానీ, అన్నీ సిన్నవి సేసేస్తాది. మీద పడ్డ వెలుగుని సెదరగొట్టేస్తాది. మనది గుంట అద్దం. వెలుగుని పోగేసి ఒక్కసోట పడేస్తాది. ఆ సోటు జానెడు దూరంలో ఉంటాది. ముందుకెళ్ళినా ఎనక్కెళ్ళినా మసకే,” అన్నారు.

వినడానికి సులువుగానే ఉంది. నెల తిరిగినా ఆ జానెడు నాకు చిక్కలేదు. వెలుగు పేషెంట్ చెంప మీద పడేది, భుజం మీద పడేది, చెవిలో మాత్రం పడేది కాదు. ఈ పని నావల్ల కాదని శనివారం చెప్పేసి ఇంటికి వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాను.

శుక్రవారం పొద్దున ఒకామె నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని పరుగున వచ్చింది. పిల్ల చెవిలో ఉలవ గింజ దూర్చుకుంది. “నీళ్ళు పోస్తే తేలి వచ్చేస్తాదనుకున్నానమ్మా,” అంది తల్లి ఏడుస్తూ. గింజ తేలలేదు, నాని ఉబ్బి బిగుసుకుంది. అంతలో కరెంటు పోయింది. శాంతమ్మగారు కిటికీ బార్లా తెరిచి, దానికి వీపు పెట్టి కూర్చుని, పిల్లను ఒళ్ళోకి తీసుకుని తల గుండెకు అదిమి పట్టుకున్నారు. అద్దం నన్ను కట్టుకోమన్నారు. “ఎండ నేరుగా పట్టకు, కాలిపోతాది. ఆకాశం వెలుగు సాలు.”

అద్దం తలకు కట్టుకున్నాను. వెలుగు కోసం పిల్ల తలను ఇటు తిప్పాను, అటు లాగాను. పిల్ల గుక్కపట్టింది.

“ఒసే, దాన్నెందుకు లాగుతావు? నొప్పి దానిది. నువ్వు జరుగు.”

కుర్చీ కాస్త వెనక్కి జరిపాను. చెవి లోపల తెల్లటి వెలుగు నిలిచింది, అందులో గోధుమరంగు గింజ కనిపించింది. సన్నటి కొక్కేన్ని దాని వెనక్కి పోనిచ్చి, మెల్లగా బయటికి దొర్లించాను.

పిల్లను తల్లికి అందించాక చూశాను, శాంతమ్మగారి చేతులు వణుకుతున్నాయి. చీర కొంగులో దాచుకోబోయారు. కొక్కెం పట్టే పని వస్తే నెలరోజులుగా పేషెంట్లను విజయనగరం ఎందుకు పంపేస్తున్నారో, నన్ను వదలకుండా ఎందుకు సతాయిస్తున్నారో అప్పుడు అర్థమై ఏడుపొచ్చింది. శనివారం వచ్చింది. నేనేమీ చెప్పలేదు.

ఇప్పుడు నా తలకు బల్బు దీపం ఉంటుంది. అయినా పేషెంట్‌ను లాగను, నా కుర్చీనే జరుపుకుంటాను. పోయినేడాది చెవి మూసుకుపోయిందని ఆవిడే వచ్చారు. దీపాన్ని చూసి మొహం చిట్లించారు.

“అదేటి? నా అద్దం ఏదీ?”

ఆవిడ వెనక కిటికీ తెరిచి, బీరువాలోంచి అద్దం తీసి కట్టుకున్నాను. మెడ పట్టేసి ఉన్నా, చెవి నా అద్దానికి అందేలా తల తిప్పబోయారు.

“మీరు కదలకండమ్మా, నేను జరుగుతాను.”

ఆవిడ వణికే చేతిని నా మోకాలి మీద వేసి కళ్ళు మూసుకున్నారు. కుర్చీ జరిపాను. వెలుగు మొదటిసారికే చెవిలో పడింది.