నెల తక్కువ బిడ్డ

నాకు రెండు పుట్టిన తేదీలున్నాయి. రెండింటిలోనూ రోజు ఒకటే, నెల ఒకటే, జూన్ పద్నాలుగు. సంవత్సరం మాత్రం వేరు. ఒకటి మా అమ్మ చెప్పినది, రెండోది మా నాయన బడిలో రాయించినది.

అమ్మకు చదువు రాదు కానీ లెక్క తప్పదు. చిత్తూరు గంగజాతర అయిన నాలుగో వారంలో నేను పుట్టానని చెప్పేది. ఆ జాతరకు మా అక్క ఆమె వేలు పట్టుకుని నడిచి వచ్చిందట. అంతకు ముందు ఏడాది జాతరకు చంకనెక్కి వచ్చిందట. అక్క పుట్టింది అక్టోబరు మూడున. ఆమెకు అది రెండో జాతర కాబట్టి మా ఇద్దరికీ మధ్య ఒక ఏడాది ఎనిమిది నెలల పదకొండు రోజులు.

నాయన అక్కనూ నన్నూ ఒకే రోజు బడిలో చేర్చాడు. రెండుసార్లు తిరగడం దండగని. అప్పట్లో ఊళ్ళలో వయసుకు కాగితాలు అడిగేవాళ్ళు కాదు. కుడిచేయి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్ళు. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు. అక్కకు అందింది. నాకు అందలేదు. నాకప్పటికి నాలుగేళ్ళే. నాయన నా తల పక్కకు వంచి, మోచేయి కిందనుంచి ఎత్తి, నా వేలి కొసను చెవికి తగిలించాడు.

"అందింది గదా సారూ, రాసుకోండి," అన్నాడట.

"చెవే వచ్చి చేతికి అందిందప్పా," అని అయ్యవారు నవ్వి, నాకు ఒక ఏడాది కలిపి రాసుకున్నాడట. ఈ కథ మా ఇంట్లో నాయనే చెప్పేవాడు, చుట్టాలు వచ్చినప్పుడు, నవ్వుతూ. నేనూ నవ్వేవాణ్ణి.

ఆరో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. అక్కకు ఇంటిపని వచ్చింది, నాకు చెరకు పని వచ్చింది. బడి మానేశాను కానీ లెక్కలు మానలేదు. మా బెల్లం గానుగ దగ్గర గుడిసె గోడకు పాత క్యాలెండర్లు వేలాడుతుండేవి. పాకం ఉడికేంత సేపూ వాటిని తిప్పుతూ, ఏ తేదీకి ఏ వారం వస్తుందో కాగితం లేకుండా చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. ఊళ్ళో వాళ్ళు నన్ను ఆపి, పోయిన ఉగాది ఏ వారమని అడిగి పరీక్ష పెట్టేవాళ్ళు.

నాకు పదిహేడేళ్ళు నిండిన ఏడాది నవంబరులో, ఒక శనివారం పొద్దున, కాణిపాకం రోడ్డు మలుపులో మా ట్రాక్టరు ఒక మనిషిని కొట్టింది. పాల క్యాన్లు కట్టుకుని సైకిల్ మీద వస్తున్న పెద్దాయన. అక్కడే పోయాడు. ట్రాక్టరు నడిపింది అక్క కంటే పెద్దవాడైన మా అన్న. నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. వెనక ట్రాలీ నిండా చెరకు. మలుపులో వేగం తగ్గించమని నేను అన్నాను. అన్న విన్నాడో లేదో తెలియదు. జనం వచ్చేలోపల ఇద్దరమూ దూకి చెరకు తోటలోకి పరిగెత్తాము. ఆ పెద్దాయన దగ్గరకు పోకుండా పరిగెత్తినందుకు నాకు ఈ రోజుకీ సిగ్గుగానే ఉంది. బండి మాదని అందరికీ తెలుసు. నడిపింది ఎవరో ఎవరూ చూడలేదు.

అన్నకు అప్పటికి పెద్ద బండ్ల లైసెన్సు ఉంది. సర్కారు బస్సుకు డ్రైవరుగా ఎంపికై, ఆర్డరు కోసం చూస్తున్నాడు. ఆ ఆర్డరు మా ఇంట్లో అందరి నోటా ఉండేది. మనిషిని చంపిన కేసున్న వాడికి బస్సు ఇవ్వరు.

సోమవారం సాయంత్రం నాయన నన్ను గానుగ దగ్గరకు పిలిచాడు. పొయ్యి ఆర్పి ఉంది. అన్న కొంచెం దూరంగా కూర్చుని చెరకు పిప్పిని తుంచుతున్నాడు.

"నీకు ఎన్నేళ్ళురా ఇప్పుడు?" అన్నాడు నాయన.

"శనివారానికి పదిహేడేళ్ళ ఐదు నెలల తొమ్మిది దినాలు."

"అంటే మైనరే."

"మైనరే నాయనా."

"మైనరుకు జైలు లేదంటరా. కొత్త చట్టమంట, పద్దెనిమిది నిండేదాకా పిల్లోళ్ళ కిందనే లెక్కంట. తిరపతిలో హోం ఉండాదంట, నాలుగు నెలలు పెట్టుకోని బువ్వ పెట్టి పంపిస్తారంట. నువ్వు నడిపినానని చెప్పు."

నేను అన్న వైపు చూశాను. "నాలుగు నెలలే గదరా అబ్బీ," అన్నాడు అన్న, తలెత్తకుండా. "నువ్వు వచ్చేటప్పటికి నేను డ్యూటీలో ఉంటా. నిన్ను ముందు సీట్లో కూసోబెట్టుకోని తిరపతి అంతా తిప్పుతా."

నేను ఒప్పుకున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు, ఏడిపించలేదు. లెక్క చూసుకునే ఒప్పుకున్నాను. చట్టం గీత పద్దెనిమిది దగ్గర ఉంది, నేను దానికి ఆరు నెలల ఇరవై రెండు రోజులు ఇవతల ఉన్నాను. బడిలో కలిపిన ఏడాది నాకు గుర్తుకు రాకపోలేదు. కానీ అది నవ్వుకోవడానికి చెప్పుకునే కథ, పుట్టింది ఎప్పుడో అదే వయసు అనుకున్నాను. మంగళవారం నాయనతో కలిసి స్టేషనుకు పోయి, ట్రాక్టరు నేనే నడిపానని చెప్పాను. నాయన కూడా అదే చెప్పాడు.

హోంలో మాకు చదువు చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. నేను వారాలు చెప్పడం చూసి, పదో తరగతి ప్రైవేటుగా కట్టమన్నాడు. "పిల్లల చట్టం కింద తేలితే ఈ కేసు నీ వెంట రాదు. రేపు ఏ ఉద్యోగానికి పోయినా అడ్డం కాదు. పెద్దవాడివని తేలితే మాత్రం శిక్ష నీ పేరు మీద ఉండిపోతాది," అని ఆయనే చెప్పాడు. అంతవరకు నాలుగు నెలల సంగతే నా మనసులో ఉండింది. ఆ మాట విన్న రోజునుంచి మిగతా బతుకు సంగతి కూడా వచ్చి చేరింది. సారు తెచ్చిన లెక్కల పుస్తకం నలభై రోజుల్లో రెండుసార్లు పూర్తి చేశాను.

ఆ తర్వాత పోలీసులు బడినుంచి రిజిస్టరు నకలు తెచ్చారు. దాని ప్రకారం ప్రమాదం నాటికి నాకు పద్దెనిమిది నిండి ఐదు నెలలు దాటింది. నాకు పెట్టిన ప్లీడరు కుర్రవాడు ఆ జిరాక్సు కాగితం నా ముందు పెట్టి, "ఏమబ్బా, ఇట్లుంది?" అన్నాడు.

కాగితంలో నా పేరుకు సరిగ్గా పై వరుసలో అక్క పేరు ఉంది. ఆమె పుట్టిన తేదీ అక్టోబరు మూడు. అది నిజమైన తేదీయే. నా తేదీ దాని పక్కన చూడగానే నాకు నవ్వొచ్చింది.

"సార్, దీని ప్రకారం అక్క పుట్టిన ఎనిమిది నెలల పదకొండు దినాలకు నేను పుట్టినాను. ఒక తల్లికి అట్ల ఎట్ల పుడతారు?"

ప్లీడరు వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, నా భుజం తట్టాడు. "ఇది చాలు. ఇంక మీ నాయన వచ్చి, బడిలో ఏడాది కలిపి చెప్పినానని ఒక్క మాట అంటే చాలు."

ఒక్క మాట. విచారణ దాకా ఉన్న పదిరోజులూ నేను నిశ్చింతగా ఉన్నాను. నాయన ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పిన కథే కదా.

పిల్లల కేసులు చూసే బోర్డు ముందు నా వయసు తేల్చే రోజున నాయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక బెంచీలో అన్న కూర్చున్నాడు. మా ప్లీడరు అడిగాడు. "బడిలో ఈ తేదీ చెప్పింది నువ్వేనా?"

"నేనే సారూ."

"చేర్చుకోరేమోనని ఒక ఏడాది కలిపి చెప్పినావు. అంతే గదా?"

నాయన జవాబు చెప్పేలోపల సర్కారు ప్లీడరు లేచాడు. ఆయన గొంతు పెంచలేదు. "చూడు పెద్దాయనా, ఆలోచించి చెప్పు. బడిలో అయ్యవారికే అబద్ధం చెప్పినానంటే, బండి నడిపింది ఈ పిల్లవాడే అని స్టేషన్‌లో చెప్పినావే, అది కూడా అబద్ధమేమోనని మేము అడగాల్సొస్తాది."

నాయన వెనక బెంచీ వైపు చూశాడు. నా వైపు చూడలేదు. అక్కడినుంచి నేను ఆయన చెవి వెనక భాగమే చూడగలిగాను.

"నాకు అబద్ధాలు తెలీవు సామీ," అన్నాడు. "రాసిందే నిజం."

మా ప్లీడరు వదలలేదు. "మరి నీ కూతురికీ కొడుక్కీ మధ్య ఎనిమిది నెలల పదకొండు రోజులేనా?"

"వాడు నెల తక్కువ బిడ్డ సారూ. ఏడో నెల్లోనే పుట్టేసినాడు. పిడికెడంత ఉన్న్యాడు."

ఎవరో నవ్వారు. మా వైపు నెల తక్కువోడు అంటే తిట్టు కూడా. బోర్డులో పెద్దగా కూర్చున్న మేజిస్ట్రేటు మేడం ఆ నవ్వును చూపుతోనే ఆపి, నాయన చెప్పినది రాయించింది. తండ్రి ప్రమాణం చేసి చెప్పాడు, బడి రిజిస్టరు అదే చెబుతోంది. అమ్మ లేదు. జాతరకు నడిచి వెళ్ళిన అక్కకు ఆ నడక గుర్తుండే వయసు కాదు. నేను అప్పుడైనా లేచి, బండి నడిపింది వెనక బెంచీలో ఉన్నాడని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఏడో నెలలో పిడికెడంత పుట్టిన బిడ్డను నాయన అంత వివరంగా ఎప్పుడు తయారు చేసుకున్నాడా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అడిగిన వెంటనే తడుముకోకుండా చెప్పాడు. అంటే ముందే అనుకుని వచ్చాడు.

బయట వరండాలో నాయన నా దగ్గరకు వచ్చాడు. "బువ్వ తిన్న్యావా?" అన్నాడు. తిన్నానని చెప్పాను.

కేసు పెద్దవాళ్ళ కోర్టుకు మారింది. నేరం ఒప్పుకున్నాను. ఆరు నెలలు చిత్తూరు జైల్లో ఉన్నాను. అక్కడ నా కథ ఎలాగో తెలిసిపోయింది. "నెల తక్కువోడా, ఈ పొద్దు వారమేందిరా?" అని అడిగేవాళ్ళు. చెప్పేవాణ్ణి. నేను బయటికి వచ్చేటప్పటికి అన్న నిజంగానే డ్యూటీలో ఉన్నాడు. ముందు సీట్లో కూర్చోమని పిలిచాడు కూడా. నేను ఎక్కలేదు. పదో తరగతి ప్రైవేటుగా పాసయ్యాను. ఆ తర్వాత పెట్టిన రెండు దరఖాస్తుల్లో, మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా అనే గడి దగ్గర కలం ఆగింది. రెండింటిలోనూ పడిందని రాశాను. రెండింటికీ జవాబు రాలేదు.

అయినా ఇన్నాళ్ళూ నాయన మీద నా కోపానికి ఒక హద్దు ఉండేది. నన్ను స్టేషనుకు పంపేటప్పుడు ఆయన మంచే అనుకున్నాడు, రిజిస్టరు సంగతి మరచిపోయాడు, బోనులో నిలబడ్డాక భయపడి అన్నను కాపాడుకున్నాడు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఐదేళ్ళు ఆ లెక్క మీదే అదే ఇంట్లో అన్నం తిన్నాను.

అన్న కూతురిని బడిలో చేర్చాల్సి వచ్చినప్పుడు, కాగితాల పని కాబట్టి నన్ను పొమ్మన్నారు. అదే బడి, అదే అయ్యవారు. జుట్టు తెల్లబడింది, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు.

"నీ కేసులో నేను రాసిన తేదీ నీకు అడ్డం తిరిగింది గదప్పా," అన్నాడు. "నేను మీ నాయనకు ముందే చెప్పినా. ఈ కాగితం ప్రకారం పిల్లోడు మైనరు కాడు, ప్లీడరును అడిగి ఏదైనా చేసుకోమని."

"ఎప్పుడు చెప్పినారు సార్?"

"నువ్వు స్టేషనుకు పోకముందే. నకలు కావాలని వచ్చినాడు గదా."

ఆయన బీరువాలోనుంచి నకళ్ళు ఇచ్చిన వివరాలు రాసే పుస్తకం తీశాడు. నవంబరు ఇరవై ఐదు. నా పేరు, పుట్టిన తేదీ నకలు ఒకటి, తీసుకున్న వారి సంతకం. నాయన సంతకం చివర గీసే కొక్కెం నాకు బాగా తెలుసు. ఇరవై ఐదు ఏ వారమో నేను ఎవరినీ అడగనక్కరలేదు. సోమవారం. పొద్దున ఇక్కడ సంతకం పెట్టి, సాయంత్రం ఆరిన పొయ్యి పక్కన కూర్చుని నన్ను అడిగాడు, నీకు ఎన్నేళ్ళురా అని.

అయ్యవారు దరఖాస్తు నా ముందు పెట్టాడు. పాపకు నాలుగేళ్ళ ఏడు నెలలు. ఉన్న తేదీ ఉన్నట్టు రాశాను. "ఐదు నిండలేదప్పా," అన్నాడాయన. "తెలుసు సార్," అన్నాను. వచ్చే ఏడు తీసుకురమ్మన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాయన వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తున్నాడు. పాప పోయి ఆయన పక్కన కూర్చుంది.

"సోమవారం నాడే బడికి పోయి రిజిస్టరు చూసినావంట," అన్నాను.

ఏ సోమవారం అని ఆయన అడగలేదు. కాయలు ఒలుస్తూనే ఉన్నాడు. "మీ అన్నకు ఆర్డరు వచ్చే టైమురా అది," అన్నాడు. ఇంకో నాలుగు కాయలు ఒలిచి, "నువ్వు లెక్కలు బాగా చేస్తావు గదా. నీకూ తెలిసే ఉంటాదనుకున్న్యా," అన్నాడు.

నేను దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"పాపను చేర్చుకున్న్యారా?"

"లేదు. ఐదు నిండలేదు. వచ్చే ఏడు రమ్మన్నారు."

"ఒక ఏడు కలిపి చెప్పుంటే పోయేది గదరా," అన్నాడు నాయన.

పాప అప్పటికే కుడిచేయి తల మీదుగా తిప్పి, ఎడమ చెవి కోసం వెతుక్కుంటోంది. అది ఆయనే నేర్పిన ఆట. అందడం లేదు. నాయన చేతిలోని కాయ కింద పెట్టి, ఆ పిల్ల మోచేతి వైపు చేయి చాచాడు. నేను వంగి పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళాను.