రంజాన్ తర్వాతి మొదటి శుక్రవారం

ఖమరుద్దీన్‌ను గల్ఫ్‌లో సహం అనే ఊరి కూలీల క్యాంపులో అందరూ స్పీకర్ సాబ్ అనేవాళ్లు. చేసేది మేస్త్రీ పని. హైదరాబాదులో కొన్నేళ్లు అసెంబ్లీలో అటెండరుగా ఉన్నాడట. సభ రద్దయినప్పుడు, సభ్యులు సొంతంగా పెట్టుకున్న ప్రైవేటు బిల్లుల కట్టలను తానే గోదాములోకి మోశానని చెప్పేవాడు. ఆయన లెక్క ప్రకారం, సభ పోతే బిల్లూ పోతుంది. కొత్త సభలో, పెట్టినవాడే మళ్లీ లేచి నిలబడి తెస్తే బతుకుతుంది, లేకపోతే లేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, దేశాన్ని తానే నడిపించి వచ్చినట్టుండేది.

నేను వాళ్ల కంపెనీకి సామాన్ల పికప్ నడిపేవాణ్ణి. ఉండేది ఇంకో ఊరు సువైక్‌లో. శుక్రవారం మాత్రం భోజనానికి వాళ్ల క్యాంపుకు వెళ్లేవాణ్ణి. అన్నానికి ముందు అక్కడ సభ జరిగేది. ఖమరుద్దీన్ బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చునేవాడు, మిగతావాళ్లు చాపల మీద. నేను బయటి నుంచి వచ్చేవాణ్ణి కాబట్టి నాకు అందులో మాట లేదు. కష్టమున్నవాడు లేచి చెప్పుకోవాలి. దాన్ని బిల్లు అనేవాళ్లు. అందరూ సరేనంటే కలిసి అర్బాబ్ దగ్గరికి, అంటే మా యజమాని దగ్గరికి వెళ్లేవాళ్లు. ఒక్కడే వెళ్తే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతాడని అందరికీ తెలుసు. వినడానికి నవ్వొస్తుంది కానీ, ఆ సభ పుణ్యమా అని వాళ్లకు మంచినీళ్ల ట్యాంకు వచ్చింది.

నియమాలన్నీ ఖమరుద్దీన్‌వే. ఒకరి తగాదా ఇంకొకరు నెత్తినేసుకుని రచ్చ చేయకూడదని, ఎవరి బిల్లు వాళ్లే చెప్పాలన్నాడు. రంజాన్ నెలలో సభ ఉండదు. అప్పటిదాకా తేలని బిల్లు రద్దు. పండుగ తర్వాత మొదటి శుక్రవారం, తెచ్చినవాడే లేచి అడిగితే దానికి మళ్లీ ప్రాణం.

తొంభై మూడులో, రంజాన్‌కు ముందు, ఇస్తారి ఒక బిల్లు తెచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలుగురిలో నోరు పెగలని రకం. కంపెనీవాళ్లు జనరేటరును తెచ్చి, అద్దం పగిలిన అతని కిటికీ కింద పెట్టారు. వేరే గదుల్లో మంచం పట్టే చోటు లేదు.

"పొగంత లోపట్కే వస్తున్నదన్నా. పొద్దుగాల లేస్తే నెత్తి పగిలిపోతది. అందరం పోయి జరపుమని అడుగుదాం," అన్నాడు, చాప మీంచి చూపు తీయకుండా.

చూద్దాం అన్నారు. మరుసటి శుక్రవారమూ చూద్దామనే అన్నారు. అర్బాబ్ ఆ రోజుల్లో అందరి మీదా చిటపటలాడుతున్నాడు. రంజాన్ వచ్చింది, ఇస్తారి బిల్లు రద్దయింది. జనరేటరు మాత్రం ఆగలేదు.

పండుగ తర్వాత మొదటి శుక్రవారం ఇస్తారి సభకు రాలేదు. తన గదిలో వాంతులు చేసుకుని పడి ఉన్నాడు. అదే గదిలో ఉండే నర్సింగ్ లేచాడు. అతనిది సైట్‌లో రాత్రి కాపలా డ్యూటీ, ఆ పొగ బాధ అతనికి లేదు. అయినా లేచాడు.

"సాబ్, ఇస్తారికి లేవొస్తలేదు. ఆయన బిల్లు నేను చెప్త."

"అది నీ బిల్లు గాదు గదా, నర్సింగ్ భాయ్," అన్నాడు ఖమరుద్దీన్.

"పొగతోనే పడ్డడు సాబ్. గింత దూరంల ఉన్నడు, పోయి చూడుండ్రి."

"ఉసూల్ అంటే ఉసూల్. ఇయ్యాల నీకోసం రూలు తప్పితే రేపు అందరు తప్పుతరు. తబియత్ మంచిగైనంక ఇస్తారినే మల్ల కొత్తగ తెమ్మను. కూసో."

నర్సింగ్ చుట్టూ చూశాడు. ఒక్కరూ అతనితో పాటు లేవలేదు. అర్బాబ్ ఎదుట పడే పని తప్పిందని లోపల సంతోషించినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత అన్నానికి కూర్చున్న హుషారు నేను కళ్లారా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నర్సింగ్ మెల్లగా కూర్చున్నాడు.

మంగళవారం పొద్దున డ్యూటీ దిగి వచ్చిన నర్సింగ్ తలుపు తీసేసరికి ఇస్తారి చనిపోయి ఉన్నాడు. గది నిండా పొగ. పోలీసులు రాకముందే అర్బాబ్ జనరేటరును స్టోరు వెనక్కి జరిపించాడు. నలుగురు పట్టుకుంటే జరిగింది, అంతే. నిద్రలో గుండె ఆగి పోయాడని కంపెనీ చెప్పింది.

ఆ మాట విని ఖమరుద్దీన్ ఒక్కడే అర్బాబ్ ఆఫీసుకు వెళ్లాడు. ఇస్తారి పొగ వల్లే పోయాడని, బతికుండగానే ఆ బాధ చెప్పుకున్నాడని, ఊళ్లో అతని భార్య లస్మవ్వకు నిజం తెలియాలని అన్నాడు. తర్వాత జరిగింది నేను విన్నదే. అర్బాబ్ క్యాంపుకు వచ్చి అందరినీ వరుసగా నిలబెట్టాడు. ఈ మాట ఇంకెవరైనా అంటారా అని హిందీలో అడిగాడు. ఎవరూ కదల్లేదు. నర్సింగ్ దగ్గర ఆగి మళ్లీ అడిగాడు. నర్సింగ్ తల వంచుకుని తనకేమీ తెలియదన్నాడు.

ఖమరుద్దీన్ వీసా క్యాన్సిల్ అయింది. సీబ్ ఎయిర్‌పోర్టుకు నా పికప్‌లోనే తీసుకెళ్లాను. దారిలో నేను ఆగలేక నర్సింగ్‌ను తిట్టాను. సొంత రూము మనిషి చస్తే నోరు విప్పనివాడు మనిషేనా అన్నాను.

ఖమరుద్దీన్ నా భుజం పట్టుకుని ఆపాడు.

"ఆయన్ని ఏం అనకు భాయ్. లేవాల్సిన రోజు ఆయనొక్కడే లేచిండు. నేనే కూసోబెట్టిన."