ఆకాశానికి సగం, నీళ్ళకి సగం

మొన్న బ్యాంకువాళ్ళు పాస్‌పోర్టు సైజు ఫోటో అడిగితే ఏలూరులో మా బావగారి స్టూడియోకి వెళ్ళాను. తాడేపల్లిగూడెంలో స్టూడియోలు లేక కాదు. ఇంకెక్కడ తీయించుకున్నా మా అక్క నెలరోజులు మాట్లాడదు. లోపలి గదిలో బావగారు కొత్తగా కెమెరాలు కొన్న ఇద్దరు ఉద్యోగస్థులకి పాఠం చెబుతున్నారు. ఆయన వెనక గోడమీద ఫ్రేము కట్టిన ఫోటో ఒకటి ఉంది. అద్దం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీత, కింద ‘ఇలా తీయకూడదు’ అని చీటీ. ఆ ఫోటో నాది. ఏడేళ్ళ కిందట ఆయన ఒళ్ళో విసిరేసి వచ్చాను. చించి పారేశారనుకున్నాను. చించినా ఇంత మండేది కాదు.

ఆ ఏడు నేను ఉద్యోగం నుంచి రిటైరై కెమెరా కొనుక్కున్నాను. మొదటి ఆదివారమే బస్సెక్కి మండవల్లి వైపు వెళ్ళి, కొల్లేటి గట్టు మీద నిలబడి ఆ ఫోటో తీశాను. ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పాలి. గుండుగొలను దగ్గర మా ఊళ్ళో అన్నదమ్ములు పొలం పంచుకుంటే తాడు పట్టి కొలిచేది ఆయనే. గట్టు జానెడు అటు జరిగిందన్నా, ఎండలో అందర్నీ నిలబెట్టి మళ్ళీ మొదటినుంచీ కొలిపించేవారు. మా ఇంట్లో గారెలు కూడా లెక్క తప్పకుండా పడేవి. అలా పెరిగినదాన్ని, కెమెరాలోంచి చూడగానే నా చెయ్యి దానంతటదే సరిసమానం చేసేసింది. పైన సగం ఆకాశం, కింద సగం నీళ్ళు. ఎవరికీ అన్యాయం చెయ్యలేదని సంతోషపడ్డాను కూడా.

అక్క మనవరాలి పుట్టినరోజున అది అందరికీ చూపించాను. బావగారు కళ్ళజోడు పైకి తోసుకుని, “ఏమ్మా మరదలా, ఆకాశానికి సగం, నీళ్ళకి సగం వాటాలు వేశావు, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయిందా? తాడు పట్టుకుని మావగారేమైనా వచ్చారా?” అన్నారు. ఎవరెవరు నవ్వారో, అప్పుడు ఎవరి నోట్లో లడ్డూ ఉందో ఇప్పటికీ చెప్పగలను. నాన్నగారు పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. తరవాత ఆయన, “దేన్ని చూడమంటున్నావో ముందు నువ్వు తేల్చుకో. దానికి ఎక్కువ చోటియ్యి. ఫోటోలో సమానం పనికిరాదమ్మా” అని చెప్పకపోలేదు. అది నిజమని నాకు అక్కడే అర్థమైంది. అందుకే ఇంకా ఒళ్ళు మండి, ఫోటో విసిరేసి, భోజనం చెయ్యకుండా వచ్చేశాను.

ఆ పంతంతో ప్రతి ఆదివారం రైల్లో భీమడోలు, అక్కణ్ణుంచి దొరికిన ఆటోలో కొల్లేరు. ఆకాశానికి ఎక్కువిచ్చాను, నీళ్ళకి ఎక్కువిచ్చాను. ఎంత తీసినా చీర అంచు పరిచినట్టు చారలే వచ్చేవి. ఎత్తుపల్లం లేని నేల మాది. చివరికి తాటిదోనె ఒకటి మాట్లాడుకుని తుంగలోకి వెళ్ళాను. లేచి నిలబడబోతే దోనె మొత్తం ఊగింది. “కూకోండమ్మగారూ! మీకు ఈత వచ్చేమోగానండీ, ఆ డబ్బాకి రాదు కదండీ!” అని దోనె నడిపేవాడు కేకేశాడు. కూర్చున్నాను. కూర్చుని చూస్తే తుంగ నా ఎత్తు లేచింది. దోనె ముక్కు ఒక మూలనుంచి మొదలై, దూరంగా ఒంటరిగా ఉన్న గూడబాతు వైపు వేలు చూపించినట్టుంది. కిందనుంచి ఆ పక్షిదాకా చూపు ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. ఆకాశానికి పైన రెండు వేళ్ళు చోటు చాలు. ఒక్కటే తీశాను.

అది పట్టుకెళ్ళి, దోనె సంగతి చెప్పి చూపిస్తే బావగారు చాలాసేపు చూశారు. “బాగుందమ్మా. నిన్ను కూర్చోబెట్టినాయనకి నా నమస్కారం చెప్పు” అన్నారు. మెచ్చుకోలు కూడా దోనెవాడికే పోయింది! ఆ ఫోటో ఆయన పడగ్గదిలో ఉందని అక్క చెప్పింది. నలుగురూ చూసే చోట మాత్రం, ఇదిగో, ఇది పెట్టారు.

“తీసెయ్యండి బావగారూ” అన్నాను.

“తీసేస్తే వీళ్ళకేం చూపించనమ్మా? ఇంత చక్కగా తప్పు తీసినవాళ్ళు జిల్లాలో లేరు.”

ఆ ఇద్దరూ నేలచూపులు చూశారు. స్టూలు లాక్కుని నేనే ఎక్కి ఫ్రేము దింపాను. సంచిలో పెట్టబోతూ, ఏడేళ్ళ తరవాత మొదటిసారి దాన్ని దగ్గరగా చూశాను. ఈ అంచునుంచి ఆ అంచుదాకా నీళ్ళు. ఒక్క గట్టు లేదు. పోయిన నెలే ఆ చోటికి వెళ్ళాను. ఇప్పుడక్కడ చేపల చెరువుల గట్లు, వాటిమీద మేత బస్తాలు, పైన నీలం వలలు. బావగారు మెచ్చుకున్న ఆ రెండో ఫోటోలో తుంగ ఉంది, దోనె ఉంది, పక్షి ఉంది, నీళ్ళు బారెడే.

“ఆగావేం? పట్టుకెళ్ళు” అన్నారు బావగారు. ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు.

చీర కొంగుతో ఎర్ర గీత తుడిచేశాను. చీటీ పీకేశాను. ఫ్రేము మళ్ళీ మేకుకి తగిలించి, పాస్‌పోర్టు ఫోటో తీయించుకోకుండానే దిగి వచ్చేశాను. నాన్నగారి మీద వేసిన ఆ మాటని క్షమించలేదు, క్షమించను. కానీ రైలు భీమడోలు దాటుతుంటే కిటికీలోంచి చూశాను. నేను సగం వాటా ఇచ్చిన ఆకాశం అలాగే ఉంది, దానికేం కాలేదు. ఆ రోజు నీళ్ళకే ఇంకాస్త చోటు ఇచ్చి ఉండాల్సింది.