లూషియస్ పెట్వే వంతు

నా మంగలి షాపులో శనివారం ఒకటే చట్టం. లోపలికి వచ్చినవాడు "ఆఖరు ఎవరు?" అని అడగాలి. అందరికంటే చివర వచ్చి కూర్చున్నవాడు "నేను" అనాలి. అతని వెనక ఇతని వంతు. చీటీల్లేవు, గంటల్లేవు. డెట్రాయిట్ శివార్లలో మా పేట తలలన్నీ నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న మీదే నడిచాయి. జవాబు ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందో లూషియస్ పెట్వే వల్ల తెలిసింది.

లూషియస్ కాలేజీ బాస్కెట్‌బాల్ హాల్లో నేల తుడిచేవాడు. ఇరవై ఆరేళ్ళు తుడిచాడు. దేశమంతా టీవీలో చూసిన ఆ కాలేజీ జట్టు, ఆ ఐదుగురు కుర్రాళ్ళు ఆడిన నేల కూడా అతని చేతి మెరుపే. వాళ్ళు కాలేజీలో చేరిన ఏడాదే ఐదుగురూ కలిసి బరిలోకి దిగారు. నిక్కర్లు మోకాళ్ళ కిందికి, మేజోళ్ళు నలుపు, తలలు నున్నగా. ఆడుతూ నవ్వేవాళ్ళు, వెక్కిరించేవాళ్ళు. మా వీధిలో మాట్లాడినట్టే టీవీలో మాట్లాడారు. రెండేళ్ళు ఫైనల్ దాకా వెళ్ళి, పెద్ద కప్పు ఒక్కటీ గెలవలేదు. అయినా ఆ చలికాలం నేను గొరిగిన గుండ్లు వరసగా పేరిస్తే వాటి మీద నడిచి కెనడా చేరొచ్చు. మా పాస్టరు నల్ల మేజోళ్ళతో ప్రసంగించాడు. చిన్నప్పుడు బళ్ళో అబద్ధానికి అరగంట చొప్పున నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టిన సిస్టర్ బెర్నడీన్ కూడా ఈ మేజోళ్ళ సంగతి అబద్ధమని అనలేదు. ఆవిడా కళ్ళారా చూసింది మరి.

పదేళ్ళు గడిచాక, ఎవరో పెద్దమనిషి ఆటగాళ్ళకు చాటుగా డబ్బిచ్చాడని తేలింది. కాలేజీవాళ్ళు ఆ గెలుపులన్నీ రికార్డుల్లోంచి కొట్టేశారు. హాలు పైకప్పు నుంచి వేలాడే ఆ జట్టు జెండాలు రెండూ దించెయ్యమన్నారు. దించింది లూషియస్. మా పేటకి అది ద్రోహంలా తోచింది.

ఆ శనివారం అతను టోపీ తీసి, "ఆఖరు ఎవరు?" అన్నాడు. షాపులో ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కడూ పలకలేదు.

స్కూలు బస్సు నడిపే క్లీఫస్ మాత్రం పేపరు దించకుండానే, "కిటికీ వెయ్యండ్రా. గాలి ఏదో గొణుగుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అద్దంలోకి చూస్తూ కత్తెర ఆడించాను. ఆ ఎనిమిది మందీ లేచి పోతే నా షాపు ఏం కావాలి?

లూషియస్ మూల కుర్చీలో సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళిపోయాడు. పై శనివారమూ అంతే. ఆ తర్వాతా అంతే. జూలై వచ్చేసరికి ఆ జుట్టు చూసి ఒక పిచ్చుక ఇల్లు ఖాళీగా ఉందా అని వాకబు చేసింది. బస్సెక్కితే వేరే మంగలి ఉన్నాడు. ఆ మాటే ఒకసారి మెల్లగా అన్నాను.

"ఇంకో కుర్చీ వెతుక్కునే ఓపిక లేదన్నా. నా తల నీకు తెలుసు" అన్నాడు.

నా కాళ్ళు కూడా అప్పటికే లాగేస్తున్నాయి. వారం వారం అతన్ని అద్దంలో చూడటం అంతకంటే బరువుగా ఉండేది.

అలాంటి ఒక శనివారం అలబామా నుంచి కొత్తగా బదిలీ అయిన పోస్ట్‌మాన్ డారియన్ వచ్చి కూర్చున్నాడు. అతని వెనకే లూషియస్. "ఆఖరు ఎవరు?"

"నేనే అన్నా. రా, ఫ్యాను కింద చోటుంది" అన్నాడు డారియన్.

అందరి తలలూ అటు తిరిగాయి. డారియన్ నిక్కరు మోకాళ్ళ కింద ఊగుతోంది, మేజోళ్ళు నలుపు.

"ఆ పొడుగు నిక్కరు వెయ్యడం ఎవర్ని చూసి నేర్చుకున్నావయ్యా?" అని అడిగాను.

"నేర్చుకోడమేంటి? నిక్కరంటే ఇంతే కదా!"

లూషియస్ నేల చూస్తూ నవ్వాడు. చాలా నెలల తర్వాత నవ్వాడు.

అప్పుడే క్లీఫస్ చెమటలు కక్కుతూ వచ్చాడు. మేనకోడలి పెళ్ళి మూడింటికి. "ఆఖరు ఎవరు?"

"నేను" అన్నాడు లూషియస్.

క్లీఫస్ అటూ ఇటూ చూశాడు. "ఇంకెవరూ లేరా?"

"చట్టం నీకు చెప్పాలా?" అన్నాను. "అతని వెనక కూర్చో. లేదా గడ్డంతో పెళ్ళికి పో."

క్లీఫస్ నిలబడే అడిగాడు. "ఆ జెండాల్ని నేల మీద పడేశావా?"

"లేదు. బయటి కూలీల్ని పిలుస్తామన్నారు. వాళ్ళయితే లాగి పడేస్తారు. అందుకే నేనెక్కాను. ఒక్కోటి భుజాన వేసుకుని దిగాను. అంత బరువుంటాయనుకోలేదు."

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

"ఎవరడిగారు?"

క్లీఫస్ అతని పక్క కుర్చీలో కూలబడ్డాడు.

లూషియస్ వంతు వచ్చేసరికి రెండు దాటింది. మెడకు గుడ్డ కట్టి నాలుగు కత్తెర్లు వేశానో లేదో నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చేతులు ఒళ్ళో పడేసి, అలా. భుజం తట్టబోయాను.

"లేపకు" అన్నాడు క్లీఫస్, గడియారం వైపు చూస్తూ. "పెళ్ళికూతురు ఎప్పుడూ ఆలస్యమే."