కుడి మూల పేరుది

మా బావమరిది పెన్సిలు చెక్కితే, దాని మొన మీద వాలిన దోమ కెవ్వుమని లేచిపోయేదని నేనే ఊరంతా చెప్పాను. వాడు దాన్ని పొగడ్త అనుకున్నాడు. వాడి తెలివి అంతవరకే.

హైస్కూల్లో ఇళ్ళ డిజైను, ఇంజినీరింగ్ డ్రాయింగు నేర్పే మాస్టారు వాడు. పిల్లలు బడి దాటగానే ఏ ఆఫీసులోనో ప్లాన్లు గీసుకుని బతకాలని పెట్టిన కోర్సు అది. జన్మలో కోళ్ళగూడు కూడా కట్టనివాడికి దాన్ని అప్పగించారు.

ప్రతి షీటుకీ కుడివైపు కింది మూలలో ఒక గడి ఉంటుంది. గీసినవారి పేరు, సరిచూసినవారి పేరు అందులో రాస్తారు. మెట్లు ఎక్కడానికి వీలుగా ఉన్నాయా, వంటగదిలోకి గాలి వస్తుందా అని మావాడు ఏనాడూ చూడలేదు. చూసేదల్లా ఆ గడినే. అందులో వాడి పేరు ఏటేటా ఒళ్ళు చేసింది. చివరికి పోస్టుకార్డంత కాగితాల మీద అచ్చు వేయించి తెచ్చి షీట్లకు అతికించడం మొదలుపెట్టాడు. ఆ పేరు నీడలో నలుగురు కూర్చుని భోంచేయొచ్చు. పిల్లలు వాడికి ‘డబ్బా సారు’ అని పేరు పెట్టారు.

ఆ ఏడు బళ్ళో కొత్త డ్రాయింగు గది కట్టాలనుకున్నారు. పిల్లల ప్లాన్లలో మంచిది ఎంచి, అచ్చం అలాగే కడతామన్నారు హెడ్మిస్ట్రెస్. ఇన్‌స్పెక్టరు వచ్చి గదిని మెచ్చుకుంటే కోర్సుకి హెడ్డుగా మా బావమరిదిని వేస్తారు. ఆ కుర్చీ కోసం వాడెంత తపించాడంటే, రోజూ మా ఇంటికొచ్చి మా కుర్చీలన్నిట్లో కూర్చుని చూసుకునేవాడు.

“ఒరేయ్, కుర్చీ వచ్చాక దాంట్లో కూర్చుని ఏం చేస్తావురా?” అంది మా ఆవిడ.

“సంతకం పెడతానక్కా.”

“అంతేనా? నిలబడి పెట్టలేవూ?”

ఎంపికైన ప్లాను పదో తరగతి అమ్మాయిది. బల్లల మీద వెలుతురు ఎడమచేతి వైపునుంచి పడేలా కిటికీలు పెట్టింది. గది షీటంతా నిండింది, తలుపు కుడివైపు కింది మూలకొచ్చింది. మావాడు జిగురు సీసా తీశాడు.

“సార్, అక్కడ తలుపుందండీ.”

“కుడి మూల పేరుది. తలుపు ముఖ్యమా, పద్ధతి ముఖ్యమా?” అని అతికించేశాడు.

మేస్త్రీ ఫోను చేసినప్పుడు వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. తలుపు కనపడ్డం లేదన్నాడట పాపం.

“షీట్లో ఉన్నట్టు కట్టవయ్యా! నువ్వు నాకు నేర్పుతావా?” అని కసిరి, నా వైపు తిరిగాడు. “వీళ్ళకి ప్లాను చదవడం రాదు బావా.”

మేస్త్రీ అలాగే కట్టాడు. పేరు దగ్గర ఆగిపోయిన గోడలు రెంటినీ మూలకి కలిపేశాడు. పనివాళ్ళు కిటికీలోంచి దూకి వచ్చిపోయారు. బూట్లకు సిమెంటు అంటుతుందని మావాడు అటు తొంగి చూడలేదు. ముందునుంచి చూసినవాళ్ళు తలుపు వెనకుందనుకున్నారు, వెనకనుంచి చూసినవాళ్ళు ముందుందనుకున్నారు.

ప్రారంభోత్సవానికి మమ్మల్ని చప్పట్లు కొట్టడానికి పిలిచాడు. రిబ్బను పట్టుకుని వెళ్ళిన అటెండరు గది చుట్టూ తిరిగి మళ్ళీ మా దగ్గరకే వచ్చాడు.

“ఎక్కడ కట్టాలండీ?”

ఇన్‌స్పెక్టరు కూడా ఒక చుట్టు తిరిగొచ్చాడు. “తలుపెక్కడ మాస్టారూ?”

మావాడు షీటు విప్పి గబగబా వెతికాడు. అప్పుడు వరసలో ఉన్న ఆ అమ్మాయి, అడిగినదానికి జవాబు చెబుతున్నట్టే, “సార్ పేరు కింద ఉందండీ” అంది.

ఇన్‌స్పెక్టరు గోటితో అంచు పట్టి లాగాడు. పేరు పట్టీలా ఊడొచ్చింది. దాని కింద తలుపు చక్కగా తెరుచుకుని ఉంది.

కుర్చీ వడ్రంగం నేర్పే మాస్టారికి దక్కింది. గోడ పగలగొట్టి తలుపు పెట్టించడం ఆయన చేసిన మొదటి పని.

ఆ సాయంత్రం మా బావమరిది మా ఇంట్లో, ఈసారి ఏ కుర్చీలోనూ కాదు, గడప మీద కూర్చున్నాడు.

“గదికి తలుపుంటుందని ఆ మేస్త్రీకైనా తెలియొద్దా బావా?”

“తెలుసు కాబట్టే నిన్ను అడిగాడు.”

వాడు తల వంచుకుని గడపకేసి చూశాడు. సిగ్గుపడుతున్నాడేమోనని నేను ఒక్క క్షణం ఆశపడ్డాను.

“అయితే ఇకమీదట పేరు ఎడమ మూలలో అతికిస్తాను” అన్నాడు.

“ముందు ఆ గడప మీంచి లేరా,” అంది మా ఆవిడ. “ఉన్న తలుపుకైనా అడ్డు తప్పుకో.”